తరగతి గది వెలుపలి చిత్రకళాభ్యాసము

విష్ణుధర్మోత్తర పురాణము తృతీయ ఖండమున చిత్రసూత్రమను భాగమొకటి కలదు. వజ్రుడను రాజు మార్కండేయ మహర్షి నాశ్రయించి దేవతా ప్రతిమలు చేయు విధానమును తెలుపుమని వేడెను. మహర్షి వెంటనే తెలుపలేదు. చిత్రసూత్రము తెలియనివానికి ప్రతిమాలక్షణము తెలియదనెను. నృత్తము తెలియనివానికి చిత్రసూత్రము, వాద్యము తెలియనివానికి నృత్తము, గీతము తెలియనివానికి వాద్యము బోధపడవనెను. రాజు అడిగినది ఒక్క విద్య. మహర్షి చూపినది నాలుగు విద్యల వాకిళ్ళు. ఆ గ్రంథముననే, చిత్రము నెరిగినవాడెవడను విషయమున ఒక చక్కని నిర్ణయము కనవచ్చును. నీటి అలలను, అగ్నిజ్వాలను, పొగను, గాలికి కదలు ధ్వజమును గీయగలవాడు చిత్రము నెరిగినవాడు. నిద్రించువానియందు ప్రాణమున్నట్లును, మరణించినవానియందు అది లేనట్లును చూపగలవాడు చిత్రము నెరిగినవాడు.

ఈ పరీక్షను కొంచెము ఆలోచించి చూడవలెను. అలను తెచ్చి బల్లమీద పెట్టుటకు వీలులేదు. పొగ ఒక్క క్షణము నిలువదు. గురువు తరగతి గదిలో కుండను, పండును, మట్టిబొమ్మను ఎదుట నిలిపి గీయుమని చెప్పగలడు గాని, ఏటి అలను గీయవలసిన శిష్యుడు ఏటి ఒడ్డుకు పోవలసినదే. పూర్వులు చిత్రకారునకు పెట్టిన పరీక్ష పాఠశాల గోడల నడుమ సిద్ధపడుటకు వీలుకాని పరీక్ష యన్నమాట.

ప్రాచీనకాలమున చిత్రలేఖనము నిత్యజీవితములో కలిసియుండెను. వాత్స్యాయనుడు నాగరకుని పడకగదిని వర్ణించుచు, గోడకు తగిలించిన వీణతోపాటు చిత్రఫలకమును, రంగుకణికల పెట్టెను, పుస్తకమును చెప్పెను. కాళిదాసుని శాకుంతలము ఆరవ అంకమున దుష్యంతుడు శకుంతలను జ్ఞాపకమునుండి చిత్రించును. చిత్రించి, ఇంకను కావలసినవి కొన్ని కలవని చెప్పును: మాలినీ నది ఇసుకతిన్నెపై హంసల జంట, హిమవంతుని పాదమున విశ్రమించు లేళ్ళు, నారచీరలు వ్రేలాడు చెట్టు, దాని క్రింద మగజింక కొమ్మునకు తన ఎడమకన్ను రాచుకొను ఆడుజింక. చిత్రవిద్య అంతయు ఈ ఒక్క వాక్యమునందు ఇమిడియున్నదనవచ్చును. రాజు ఆశ్రమమునకు పోయినది చిత్రాభ్యాసమునకు కాదు. అయినను అతని కన్ను అక్కడ పనిచేయుచునే యుండెను. పోతన భాగవతమున చిత్రరేఖయు అట్టిదే. ఉష కలలో చూచిన పురుషుడెవడో తెలియుటకు దేవ గంధర్వ రాజకుమారుల రూపములన్నియు ఒకటొకటిగా పటమున వ్రాసి చూపెను. ఆమెకు చిత్రలేఖనమున గురువెవరో కథలో లేదు.

సాధనములు సయితము ఇంట చేసికొన్నవే. చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున ఆ విధము చెప్పబడినది. కాటుకను అన్నపు మెతుకులతో నూరి కణికలుగా చేసి రేఖలకు వాడవలెను; దూడ చెవి వెండ్రుకలతో సన్నని కుంచె కట్టవలెను; దున్నపోతు చర్మమును ఉడికించి వజ్రలేపము చేయవలెను. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో నేటికిని వస్త్రముపై మొదటి గీతలు గీయుదురు. ఇట్టి ఇండ్లలో అభ్యాసవేళ యని వేరుగా నుండదు. తండ్రి రంగు వేయుచుండగా కుమారుడు చూచును. చూచి బొగ్గుముక్కతో నేలపై గీయును. నేల నిండిన గోడను పట్టును. గోడ పాడైనదని తల్లి కసరుకొనుట చిత్రకళాచరిత్రలో ఎన్ని తరములుగా సాగుచున్నదో!

ఆ గోడమీది గీతలతోనే రాజా రవివర్మ చరిత్రయు ప్రారంభమగును. కేరళమున కిళిమానూరున 1848లో జన్మించిన ఈ బాలుడు గోడలపై గీసిన జంతువుల బొమ్మలను చూచి అతని మేనమామ రాజరాజవర్మ అతనిలోని శక్తిని గుర్తించెను. మేనమామ స్వయముగా చిత్రకారుడు; మేనల్లుని 1862లో తిరువనంతపురమునకు తీసికొనిపోయెను. అచట తైలవర్ణచిత్రములు నేర్చిన ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకరు ఆ విద్యను బాలునకు చెప్పుటకు ఇష్టపడలేదు. ఆయన శిష్యుడొకడు రహస్యముగా వచ్చి కొంత చూపెనని చెప్పుదురు. 1868లో థియొడర్ జెన్సన్ అను పాశ్చాత్య చిత్రకారుడు ఆస్థానమునకు వచ్చినప్పుడు ఆయనయు పాఠము చెప్పలేదు. తాను పనిచేయుచుండగా ప్రక్కన నిలిచి చూచుటకు మాత్రము అనుమతి దొరకెను. ఇరువురు చెప్పనొల్లని విద్యను రవివర్మ ఒకని పనిని చూచుటవలనను, తన గదిలో పాడుచేసిన గుడ్డలవలనను సాధించెను. తైలవర్ణమున నూనె ఎంత కలుపవలెనో, ఏ పూత ఆరిన పిమ్మట ఏ పూత వేయవలెనో చూచినంతమాత్రమున తెలియదు. తప్పుచేసి తెలిసికొనవలెను. 1873 నాటికి ఆయన చిత్రము వియన్నా ప్రదర్శనమున బహుమతి నందెను. పిమ్మట 1894లో ఆయన స్థాపించిన ముద్రణాలయమునుండి వెలువడిన దేవతాపటములు దేశమంతట ఇంటింట వెలసెను. విద్య నిరాకరింపబడినవాని చేతి గీతలే తరువాతి రెండు మూడు తరముల పిల్లలకు గోడమీది గురువులైనవి.

ఇంతలో దేశమున ప్రభుత్వ చిత్రకళాశాలలు వెలసెను. మద్రాసున 1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు ప్రారంభించినది మొదటిది. కలకత్తాలో 1854లోను, బొంబాయిలో జమ్‌షేట్‌జీ జీజీభాయి విరాళముతో 1857లోను తక్కినవి ఏర్పడెను. వానివలన మేలు జరుగలేదనుట అన్యాయము. దూరదృష్టిరేఖల లెక్క, శరీర నిర్మాణము, వెలుగునీడల క్రమము అచట శాస్త్రీయముగా చెప్పబడెను. లోపమెక్కడనన, విద్యార్థి నెలల తరబడి గ్రీకు ప్రతిమల సున్నపు పోతలను, అచ్చుబొమ్మలను చూచి గీయవలసియుండెను. వాని చేయి సాగును. కన్ను మాత్రము కిటికీ వెలుపలికి పోవుటకు సెలవు లేదు.

ఆ సెలవు తొలుత దొరకినది అజంతా గుహలలో. బొంబాయి పాఠశాల అధ్యాపకుడు జాన్ గ్రిఫిత్స్ 1872 మొదలు 1885 వరకు పలుమారులు తన విద్యార్థులను వెంటబెట్టుకొని పోయి ఆ కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాయించెను. పెస్తోన్‌జీ బొమన్‌జీ వంటి చిత్రకారులు ఆ బృందమువారే. మండు వేసవి దాటిన పిమ్మట కొండలోయలో మకాము; గబ్బిలముల కంపు; చీకటి గుహలలో ఏ కొద్ది వెలుగుననో నిలిచి పని. గ్రీకు బొమ్మలు దిద్దిన చేతులు అచట తొలిసారి తమ దేశపు రేఖను ముట్టెను. ఆ ప్రతికృతులలో పెక్కింటిని లండనుకు పంపగా 1885లో అగ్నిప్రమాదమున కాలిపోయెను. అంతకు ముందు మేజర్ రాబర్ట్ గిల్ ఏండ్ల తరబడి వ్రాసినవియు 1866లో లండనులోనే క్రిస్టల్ పాలెస్ భవనమున కాలిపోయెను. విధి విచిత్రము! పదమూడేండ్ల శ్రమ బూడిద అయినను, ఆ శ్రమవలన విద్యార్థుల చేతికి వచ్చిన నేర్పు కాలిపోలేదు. తిరిగి 1909 నుండి 1911 వరకు హెరింగ్‌హామ్ దొరసాని ఆధ్వర్యమున జరిగిన ప్రయత్నమున కలకత్తానుండి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, వెంకటప్ప, సమరేంద్రనాథ గుప్త వచ్చిరి. హైదరాబాదునుండి సయ్యద్ అహమ్మద్, మహమ్మద్ ఫజులుద్దీన్ వచ్చిరి. అజంతా అప్పుడు నిజాము రాజ్యములోనిది. నందలాల్ బోస్ అనంతరము శాంతినికేతనమున గురువై, విద్యార్థులను చెట్లక్రిందికి, సంతాలు పల్లెలకు పంపి గీయించిన పద్ధతికి బీజము ఈ గుహలలో పడెననుట తప్పుకాదు.

ఇక ఆంధ్రదేశమున ఈ విషయమునకు ప్రధాన దృష్టాంతము దామెర్ల రామారావుగారు. ఆయన 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆ పట్టణపు ప్రభుత్వ కళాశాలకు 1909 నుండి 1919 వరకు ఆస్వల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా నుండెను. కూల్డ్రే సాహిత్యమున పండితుడు, స్వయముగా నీటిరంగుల చిత్రకారుడు. కళాశాలలో చిత్రలేఖనము పాఠ్యవిషయము కాదు, పరీక్ష లేదు, మార్కులు లేవు. అయినను ఆయన చుట్టును పుస్తకములకంటె బొమ్మలను, పద్యములను ప్రేమించు పిల్లలు చేరిరి. అడివి బాపిరాజుగారు, కవికొండల వెంకటరావుగారు ఆ గుంపులోనివారే. తాను గీయుచు, వారిచే గీయించుచు, చరిత్రకెక్కిన స్థలముల విలువను వారికి తెలుపుచు ఆ దొర చేసిన ఉపకారము ఆయన ఉద్యోగ ధర్మములలో లేనిది. ఉద్యోగ ధర్మములో లేని పనికే లోకము ఆయనను ఇప్పటికి తలచుకొనుచున్నది. తన గోదావరీ తీరపు జ్ఞాపకములు మొదలగువానిని ఆయన ఇంగ్లండునకు తిరిగిపోయిన పిమ్మట 1924లో ఒక గ్రంథముగా ప్రకటించెను.

రామారావుగారి అభ్యాసశాల గోదావరి. రాజమహేంద్రవరము వద్ద ఆ నది మైలున్నరకు పైబడిన వెడల్పు. 1900లో తెరచిన రైలువంతెన దానిపై నిలిచియుండెను. ఎగువన పాపికొండలు, దిగువన ధవళేశ్వరపు ఆనకట్ట. నడుమ స్నానఘట్టములు, పడవలు, లంకలు, ఇసుకతిన్నెలు. నీటిరంగులతో నదిని చిత్రింపదలచినవానికి కలుగు కష్టము చెప్పదగినది. నూనెరంగువలె దీనిని తుడిచి మరల వేయుటకు వీలులేదు. తెలుపునకు రంగులేదు, కాగితపు తెలుపునే విడిచిపెట్టవలెను. అల మీది మెరుపు ఎక్కడనుండునో ముందే నిశ్చయించి, అచట కుంచె తగులకుండ కాపాడవలెను. తడి ఎక్కువైన ఆకాశపు నీలము కొండపైకి ప్రాకును, తక్కువైన గీతపడును. ఎండకు పలకపై రంగు చిటికెలో ఎండిపోవును. ఇంతలో సూర్యుడు జరుగును, నీడ జరుగును, ఎదుట నున్న పడవవాడు గడవేసికొని తన దారిని తాను పోవును. తరగతిలోని కుండ సాయంకాలము వరకు కదలదు గదా! కదలనిదానిని గీయుటకును, కదలిపోవుదానిని పట్టుటకును నడుమ ఎంత దూరమో గోదావరి గట్టున ఒక పూట కూర్చున్నవానికి గాని తెలియదు. చిత్రసూత్రకారుడు అలను మొదట చెప్పుటకు కారణ మిదియే కావలెను.

కూల్డ్రే ప్రోత్సాహమున 1916లో రామారావుగారు బొంబాయి పాఠశాలకు పోయిరి. అప్పటి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ ఆయన వెంట తెచ్చిన చిత్రములను చూచి, ప్రారంభపు తరగతులు చదువ నక్కరలేదని పై తరగతిలో చేర్చుకొనెను. ఈ ఒక్క విషయము చాలును. ఏ తరగతిలోను కూర్చుండక పందొమ్మిదేండ్ల పిల్లవాడు నదీతీరమున సాధించిన దానిని ఒక ప్రఖ్యాత పాఠశాల తన తొలి తరగతుల చదువునకు సమానమని ఒప్పుకొనెను. అట్లని రామారావుగారు తరగతిని తృణీకరింపలేదు. వెలుపల నేర్చినవానికి సాధారణముగా కొన్ని దోషములుండును: తల పెద్దది, కాళ్ళు పొట్టివి, ఇంటికప్పు ఒక దిక్కునకు, గోడ మరొక దిక్కునకు. తన తప్పు తనకు కనబడదు. పటములో గట్టు వంకర అయినను గీసినవానికి తిన్నగానే యుండునని పూర్వపు సర్వేవారు నవ్వుకొనెడివారు. దానిని దిద్దు కన్ను వేరొకరిది కావలెను. రామారావుగారు ఆ దిద్దుబాటును బొంబాయిలో పూర్తిగా పొంది, 1920లో ప్రథమస్థానమున ఉత్తీర్ణులైరి.

తిరిగి వచ్చి రాజమహేంద్రవరమున చిత్రకళాశాల స్థాపించిరి. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఆయన ఋష్యశృంగ బంధన చిత్రమునకు రాజప్రతినిధి బహుమతి లభించెను. 1924లో లండను వెంబ్లే ప్రదర్శనమునకు ఆయన చిత్రములు పోయెను. పుష్పాలంకరణము, కార్తిక పూర్ణిమ, నందిపూజ మొదలగు చిత్రములను చూచినవారికి ఒక సంగతి తోచును. ఆ స్త్రీలు గ్రీకు బొమ్మలు కారు, రవివర్మ నాయికలును కారు. తెలుగు ఇండ్లలో పూలు కట్టువారు, దీపములు విడుచువారు. చీరకుచ్చెళ్ళ పాటు, కూర్చున్నప్పటి నడుము వంపు, తల వంచినప్పటి మెడ తీరు అచ్చముగా ఇచ్చటివి. ఇవి జేబులో ఇమిడెడు చిన్న పుస్తకములలో పెన్సిలుతో నిత్యము వ్రాసికొన్న గుర్తుల ఫలము. ఇటలీ దేశపు లియొనార్డో డావించి సయితము చిత్రకారుడు చిన్న పుస్తకమును వెంట నుంచుకొని, వీధిలో మాటలాడువారి, తగవులాడువారి భంగిమలను అప్పటికప్పుడు గుర్తించుకొనవలెనని తన శిష్యులకు వ్రాసెను. అప్పుపద్దు వెంటనే వ్రాయని వర్తకుడు ఎట్లు నష్టపడునో, చూచినదానిని వెంటనే గుర్తించుకొనని చిత్రకారుడును అట్లే నష్టపడును.

ఆ కాలమున స్త్రీలకు చిత్రకళాశాల అందని ద్రాక్షపండు. బొంబాయికి పోవుమని ఎవరు పంపుదురు? రామారావుగారి చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు, భార్య సత్యవాణిగారు ఇంటనే చిత్రలేఖనము నేర్చి చిత్రకారిణులైరి. చరిత్రకారులు సాధారణముగా ఒక వాక్యముతో దీనిని దాటివేయుదురు, అది సరికాదు. పాఠశాలకు పోగలిగినవానికి వెలుపలి అభ్యాసము చదువునకు తోడు; పోలేనివారికి అదియే చదువు. సంక్రాంతి నెలలో వాకిట ముగ్గుపిండితో చుక్కలు పెట్టి, చేయి ఎత్తకుండ మెలికలు తిప్పి, చివర మొదటికి కలుపు ఇల్లాలిని ఏ పాఠశాలవాడు పరీక్షించెను? ఆ రేఖలోని నిలకడ ఎంతమంది డ్రాయింగు పరీక్ష ప్యాసైనవారికి కలదు? అయినను దానిని అభ్యాసమని లోకము లెక్కింపలేదు. తెల్లవారుజామున వేసి మధ్యాహ్నమునకు త్రొక్కి చెరిపివేయునది గనుక కావలెను.

రామారావుగారు 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి సోకి మరణించిరి. ఇరువది యెనిమిది నిండుటకు ఇంకను నెలరోజులు కలదు. బొంబాయినుండి పట్టా పుచ్చుకొని అయిదేండ్లు మాత్రమే. ఆ కొద్దికాలములో పూర్తిచేసిన చిత్రములతోపాటు, చిత్రములు కాకుండ నిలిచిపోయిన పెన్సిలు గీతలును మిగిలెను. మిత్రుడు వరద వెంకటరత్నంగారు ఆ పాఠశాలను ఎత్తిపట్టి నిలిపి, ఆ చిత్రములను కాపాడిరి. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు స్మారక చిత్రశాలలో వానిని చూడవచ్చును. చూడబోవువారు పెద్ద చిత్రముల ఎదుట మాత్రమే నిలువక, ఆ పెన్సిలు గీతల ఎదుట కొంచెము సేపు ఆగుట మంచిది. పెద్ద చిత్రము ఫలితమును చూపును. చిన్న గీత అది వచ్చిన దారిని చూపును.

ఆ గుంపులోని అడివి బాపిరాజుగారి కథ వేరు. ఆయన న్యాయశాస్త్ర పట్టభద్రులు, కవి, నవలాకారులు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో వంగదేశీయుడగు ప్రమోద కుమార చటోపాధ్యాయుని వద్ద చిత్రలేఖనము అభ్యసించి, పిమ్మట ఆ కళాశాలకే ప్రిన్సిపాలైరి. ‘నారాయణరావు’ చదివి ఆనందించిన పాఠకులలో ఆయన కుంచెపట్టిన సంగతి ఎరుగనివారు పెక్కుమంది. తరువాతి తరమున 1921లో శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్యగారు తండ్రి వద్ద ఇంటనే ఈ విద్య నేర్చి, చందమామ అట్టలపై పురాణకథలను దించి, 1992లో మరణించువరకు తెలుగువారికి ‘వ.పా.’గా పరిచితులైరి.

పల్లెలలోని పిల్లలకు ఈ చిత్రములు అందినది గ్రంథాలయములవలననే. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు 1924లో స్థాపించిన ‘భారతి’ మాసపత్రిక నున్నని కాగితముపై త్రివర్ణచిత్రములను ముద్రించి సంచికలో నుంచెడిది. అట్టి చిత్రమును చూచుటకు పల్లెవాసికి వేరొక మార్గమే లేదు. పిల్లలు నూనె రాచిన పలుచని కాగితము పైన పరచి గీతలు దించుకొనెడివారు. కొంచెము ఎదిగినవారు చిత్రముపై పెన్సిలుతో గళ్ళు గీసి, పెద్ద కాగితముపై పెద్ద గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలోని రేఖను ఒక్కొక్క గడిలోనికి మార్చెడివారు. క్షేత్రపటమును పెద్దది చేయు సర్వే పద్ధతియు ఇదియే గనుక, 1984కు పూర్వము గ్రామములలో కరణముల పిల్లలకు ఇది తండ్రిని చూచియే వచ్చెడిది. గళ్ళవలన కొలత కుదురును గాని జీవము రాదు. జీవమునకు ఆ పిల్లవాడు తన గేదెను, తన తాతను చూచి గీయవలసినదే. కొందరు గీసిరి కూడ.

‘భారతి’ 1991లో ఆగిపోయెను. పాత గ్రంథాలయములలో దాని సంపుటములు బైండు చేయబడి నేటికిని అక్కడక్కడ కలవు. విప్పి చూచినచో చిత్రముండవలసిన చోట పెక్కింట చినిగిన అంచు మాత్రము కనబడును. గ్రంథపాలకులు ఆనాడు దీనిని దొంగతనముగనే లెక్కించి జరిమానాలు విధించిరి, అది న్యాయమే. మిగిలిన చిత్రములను వెలుగునకు ఎత్తిపట్టినచో, కొన్నింటిపై సన్నని పెన్సిలు గళ్ళు ఇప్పటికిని కానవచ్చును.